పీజోలో ఆరేళ్లయింది, ఇంకా ఉండాలా? ముందు ఈ 140 హెర్ట్జ్ సంగతి చెప్పండి

పీజో_ప్రయాణం
ఆరేళ్లుగా పీజో యాక్చుయేటర్లతో, అంటే వోల్టేజీ ఇస్తే రవ్వంత సాగే సెరామిక్‌తో, నడిచే పొజిషనింగ్ స్టేజీలు (వస్తువును మైక్రాన్ల లెక్కన జరిపే వేదికలు) డిజైన్ చేస్తున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్న స్టేజీ వల్ల నిద్ర పట్టడం లేదు. 20 మిల్లీమీటర్ల పొడవున్న స్టాక్ (పీజో పొరల దొంతర), అది ఇచ్చే కదలిక దాదాపు 20 మైక్రాన్లు. లివర్ ఫ్లెక్చర్‌తో (వంగే సన్నని లోహపు కీళ్లున్న మీట) దాన్ని 5 రెట్లు చేసి 100 మైక్రాన్లు తెచ్చాను. పైన 1 కిలో ఆప్టిక్స్ బరువు. లెక్క ప్రకారం మొదటి రెజొనెన్స్ (తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ) 310 హెర్ట్జ్ దగ్గర రావాలి. బిగించి చూస్తే 140 దగ్గరే ఊగుతోంది. కంట్రోలర్ గెయిన్ (సరిదిద్దే బలం) కాస్త పెంచగానే ఈల వేస్తుంది.

టీమ్‌లో ఒకరు కంట్రోలర్ మార్చమంటారు. ఇంకొకరు పీజో వదిలేసి వాయిస్ కాయిల్ (అయస్కాంతంలో కదిలే తీగచుట్ట) పెట్టమంటారు. మేనేజర్ అయితే "ఇది చిన్న రంగం, ఇందులో కనిపెట్టాల్సినవన్నీ ఎప్పుడో కనిపెట్టేశారు, సాఫ్ట్‌వేర్ వైపు వచ్చెయ్" అన్నారు. 140 హెర్ట్జ్ కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఆ కంపనం ఎక్కడి నుంచి వస్తోంది? ఆ మాట నిజమేనా? ఈ రెండూ చెప్పండి.

కొత్త_మర
లివర్ పెడితే కదలిక పెరగాలి గానీ ఫ్రీక్వెన్సీ ఎందుకు పడిపోవాలి? ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను, తెలియక అడుగుతున్నాను.

లూప్_క్లోజ్డ్
కొత్త_మర, కదలిక 5 రెట్లు పెరిగితే చివర దొరికే బలం ఐదో వంతుకు పడిపోతుంది. బలం తగ్గి, కదలిక పెరిగితే స్టిఫ్‌నెస్ (గట్టిదనం) ఇరవై ఐదో వంతు. స్టాక్ స్టిఫ్‌నెస్ మైక్రాన్‌కు 100 న్యూటన్లు అనుకోండి. 1 కిలోను నేరుగా దానిమీద పెడితే రెజొనెన్స్ 1590 హెర్ట్జ్ దగ్గర. 5 రెట్ల లివర్ తర్వాత అదే 318. అంటే ఎన్ని రెట్లు కదలిక కావాలంటే ఫ్రీక్వెన్సీలో అన్ని వంతులు ఇచ్చుకోవాలి. ఫ్లెక్చర్లు తమ వంతుగా ఇంకాస్త తింటాయి.

పీజో_ప్రయాణం లెక్క తప్పనిపించడం లేదు. 310 సరిగ్గానే ఉంది. నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రం కోసేసేది) పెట్టి 140ని అణిచేయండి, పని నడుస్తుంది.

సుత్తి_దెబ్బ
నాచ్ వద్దు, ఇప్పుడే వద్దు. ఏం ఊగుతోందో తెలియకుండా దానికి మందు వేయడమేంటి?

యాంప్లిఫయర్ ఆపండి. ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి, ఒక యాక్సెలరోమీటర్ (కంపనం కొలిచే సెన్సర్) చాలు. స్టేజీ పైన ఒకసారి, కింద అడాప్టర్ ప్లేట్ మీద ఒకసారి, దాన్ని పట్టుకున్న బ్రాకెట్ మీద ఒకసారి సెన్సర్ పెట్టి తట్టండి. ఆ తర్వాత అసలు పరీక్ష. స్టాక్ వైర్లు రెండూ కలిపి తట్టండి, ఫ్రీక్వెన్సీ రాసుకోండి. వైర్లు విడదీసి మళ్లీ తట్టండి. వైర్లు విడిగా ఉంటే పీజో సెరామిక్ గట్టిగా ఉంటుంది, కలిపితే మెత్తబడుతుంది. స్టాక్ సాగి కుంచించుకునే మోడ్ (ఊగే తీరు) ఏదైనా సరే దాని ఫ్రీక్వెన్సీ ఈ రెండు కొలతల మధ్య జరుగుతుంది. జరగలేదంటే ఆ కంపనానికీ మీ స్టాక్‌కీ సంబంధం లేదు. సంబంధం లేనిదాన్ని స్టాక్‌తో ఏ కంట్రోలరూ ఆపలేదు.

వైర్లు కలిపే ముందు రెసిస్టర్ గుండా ఛార్జ్ దించండి. నిండా ఛార్జ్ ఉన్న స్టాక్‌ను నేరుగా షార్ట్ చేస్తే అది ఒక్కసారిగా కుంచించుకుంటుంది, లోపల పగుళ్లు రావచ్చు.

పీజో_ప్రయాణం
ఆరేళ్లలో ఈ పరీక్ష నాకెవరూ చెప్పలేదు. సోమవారం చేస్తాను.

వాయిస్_కాయిల్_వాసు
పీజో వదలమని చెప్పింది మీ టీమ్‌లో నాలాంటివాడే అయ్యుంటాడు, అతని తరఫున నేను మాట్లాడతాను. 100 మైక్రాన్ల కోసం లివరు, ఫ్లెక్చరు, ప్రీలోడ్ స్ప్రింగు (స్టాక్‌ను ఎప్పుడూ నొక్కి ఉంచేది) ఎందుకు? వాయిస్ కాయిల్‌కు మిల్లీమీటర్లు కదలడం చాలా తేలిక. హిస్టెరిసిస్ (వెళ్లిన దారినే తిరిగి రాకపోవడం) లేదు, క్రీప్ (మెల్లగా జరిగిపోవడం) లేదు. పీజో ఓపెన్ లూప్‌లో (సెన్సర్‌తో సరిచూసుకోకుండా నడిపితే) 10 నుంచి 15 శాతం హిస్టెరిసిస్ చూపిస్తుంది.

దర్పణం
వాసు గారు, ఒకే చోట గంటల తరబడి కదలకుండా నిలబడాలంటే? వాయిస్ కాయిల్‌కు బరువు మోస్తున్నంతసేపూ కరెంటు కావాలి, కరెంటుంటే వేడి, వేడికి అద్దం పక్క లోహం సాగుతుంది. పీజో అలా కాదు, అదొక కెపాసిటర్. వోల్టేజీ ఇచ్చి వదిలేస్తే దాదాపు కరెంటే తీసుకోదు. మా ఆప్టికల్ బెంచ్ మీద నేను పీజో వదలను. హిస్టెరిసిస్ అంటారా, కెపాసిటివ్ సెన్సర్ పెట్టి లూప్ మూసేశాక దాని గొడవే ఉండదు.

వాయిస్_కాయిల్_వాసు
నిలబెట్టడంలో పీజోదే పైచేయి, ఒప్పుకుంటున్నాను. కదలిక పొడవు దగ్గర మాత్రం తగ్గను.

క్వార్ట్జ్_లక్ష్మి
"కనిపెట్టాల్సినవన్నీ కనిపెట్టేశారు" అన్న మాట దగ్గర నాకు కోపం వచ్చింది. ఈ రంగం చరిత్ర చూసినవాళ్లు ఆ మాట అనరు.

పియర్ క్యూరీ, జాక్ క్యూరీ అన్నదమ్ములు 1880లో స్ఫటికాన్ని నొక్కితే ఛార్జ్ పుడుతుందని చూపించారు. క్వార్ట్జ్, టూర్మలీన్, చివరికి చక్కెర స్ఫటికం మీద కూడా చూశారు. ఛార్జ్ ఇస్తే స్ఫటికం కదులుతుందన్న సంగతి వాళ్లకు తట్టలేదు. మరుసటి ఏడాది లిప్‌మన్ థర్మోడైనమిక్స్ లెక్కలు వేసి, ఇది అటు నడిస్తే ఇటు కూడా నడిచి తీరాలన్నారు. అప్పుడు క్యూరీలు పరీక్షించి అవునన్నారు. యాక్చుయేటర్ మొదట పుట్టింది కాగితం మీద!

తర్వాత? మొదటి ప్రపంచయుద్ధంలో లాంజెవిన్ క్వార్ట్జ్‌ను ఉక్కు పలకల మధ్య పెట్టి నీటిలోకి అల్ట్రాసౌండ్ పంపేదాకా ఇది చాలావరకు ల్యాబ్ వింతగానే ఉండిపోయింది. ఇప్పటి స్టాకుల్లో ఎక్కువగా వాడే పీజెడ్‌టీ సెరామిక్ 1950లలో వచ్చింది. అదే పీజోతో కంపనాన్ని అణచవచ్చని రాబర్ట్ ఫార్వర్డ్ ఆప్టికల్ నిర్మాణాల మీద చూపించింది 1979లో. క్యూరీల నుంచి లెక్కేస్తే 99 ఏళ్లు. ఆ 99 ఏళ్లలో ఏ సంవత్సరం అడిగినా "అంతా అయిపోయింది" అనేవాళ్లు దొరికే ఉంటారు.

కొత్త_మర
చక్కెర కూడా పీజోనా! ఇది మా తమ్ముడికి చెప్పాలి.

దర్పణం
లక్ష్మి గారి జాబితాలో 1981 చేర్చాలి. బిన్నిగ్, రోరర్ స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోప్. సూది మొనను అణువు మందం కంటే తక్కువ దూరాలకు జరిపింది పీజోనే. 1986లో నోబెల్ వచ్చింది. ఆ సూదిని బయటి కంపనాల నుంచి కాపాడటం దాన్ని జరపడం కంటే కష్టమైన పని. యాక్చుయేటరూ కంపన నియంత్రణా ఒకే ఇంటి పిల్లలు.

పాతకాపు
రెండు రోజులుగా చదువుతున్నాను. నాది ముప్పై ఏళ్ల పైబడ్డ సర్వీసు, అంతా ఇందులోనే. పీజో_ప్రయాణం అడిగిన రెండో ప్రశ్నకు నా కథే చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

నేను చేరినప్పుడు మా చేతికి పలుచని పొరల స్టాకులు రాలేదు. మిల్లీమీటరు మందం డిస్కులను ఒకదాని మీద ఒకటి అంటించి 1000 వోల్టులు ఇచ్చేవాళ్లం. ఇప్పుడు 100 మైక్రాన్లు, అంతకంటే పలుచని పొరలు, 100 నుంచి 150 వోల్టులు. ఆ రోజుల్లో నెలకు రెండు మూడు స్టాకులు విరిగేవి. అందరూ సెరామిక్‌ను తిట్టేవాళ్లు. నేను విరిగిన ముక్కలన్నీ ఒక డబ్బాలో దాచి, ఒకరోజు లెన్స్ కింద పెట్టి చూశాను. పగులు ప్రతిసారీ ఒక అంచున మొదలై అడ్డంగా పోయింది. సాగదీస్తే మొత్తం ముఖం ఊడాలి, నొక్కితే పిండవ్వాలి. ఇది వంపు. పైన పెట్టిన లోహపు ముఖం సమంగా కూర్చోక స్టాక్‌ను పక్కకు వంచుతోంది. సెరామిక్ నొక్కుడును చాలా భరిస్తుంది, వంపును, లాగుడును భరించదు.

దానికి చేసింది చిన్న పనే. స్టాక్ తల మీద గుండ్రని ఉక్కు మొన, చుట్టూ ఫ్లెక్చర్ ఫ్రేమ్, ఆ ఫ్రేమే ప్రీలోడ్ స్ప్రింగ్. చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటన్ల నొక్కుడు. విరగడం ఆగిపోయింది. అదే నా మొదటి పేటెంట్. అందులో పీజో గురించి కొత్తగా ఒక్క మాట లేదు, అంతా పక్కనున్న ఉక్కు గురించే.

రెండోది మరీ విచిత్రం. ల్యాబ్‌లో పగలూ రాత్రీ వేగంగా ఆడిన స్టాకులు ఏళ్ల తరబడి బతికాయి. వాడే చోట 100 వోల్టుల దగ్గర కదలకుండా నిలబెట్టినవి కొన్ని నెలలకే పోయాయి. అలిసిపోయినవి బతికి, విశ్రాంతిగా ఉన్నవి పోవడమేంటని ఏడాది తిరిగాం. చివరికి తేమ అని తేలింది. పైనున్న పాలిమర్ పూతలోంచి తేమ మెల్లగా లోపలికి పోతుంది. డీసీ వోల్టేజీ ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంటే ఎలక్ట్రోడ్ల మధ్య లీకేజీ దారి పడుతుంది. ఆడుతున్న స్టాక్ తన వేడితో తానే ఆరిపోతుంది. స్టాక్‌ను లోహపు బెలోస్‌లో (మడతల గొట్టం) పొడి వాయువుతో మూసేశాం. పనిలేనప్పుడు వోల్టేజీ దించేలా డ్రైవర్ మార్చాం. ఆ రెండో మార్పు పేటెంట్ కూడా కాలేదు, కానీ నేను చేసిన పనుల్లో ఎక్కువమందికి ఉపయోగపడింది అదే.

మూడోది షంట్. దాని సంగతి మళ్లీ రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

సుత్తి_దెబ్బ
విరిగిన ముక్కల డబ్బా! మా దగ్గర విరగ్గానే చెత్తబుట్టలో వేస్తారు. రేపటి నుంచి ఒక డబ్బా పెడుతున్నాను.

నిశ్శబ్దం
పాతకాపు గారి తేమ కథ చదివి ఒళ్లు జలదరించింది. పోయిన ఏడాది మాకు సరిగ్గా ఇలాగే నాలుగు స్టాకులు పోయాయి. "సప్లయర్ సరుకు బాలేదు" అని రిపోర్టు రాసి మూసేశాం. మేం వాటిని ఆరు నెలలు పూర్తి వోల్టేజీ దగ్గర నిలబెట్టాం. ఆ రిపోర్టు మళ్లీ తెరిపిస్తాను.

లూప్_క్లోజ్డ్
పాతకాపు గారు, షంట్ వద్దకు వచ్చేలోపు ఒక మాట. నా లెక్కలో డ్యాంపింగ్‌కు (కంపనాన్ని అణచడానికి) అన్నిటికంటే మంచిది ఇంటెగ్రల్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్. స్టాక్‌కు వరసలో ఒక ఫోర్స్ సెన్సర్, దాని సిగ్నల్‌ను ఇంటెగ్రేట్ చేసి వెనక్కి ఇవ్వడం. 1990ల మొదట్లో ప్రూమోంట్ బృందం చూపించింది. సెన్సరూ యాక్చుయేటరూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి లూప్ ఊగిసలాటలోకి పోదు. రెజొనెన్స్ 310 నుంచి 290కి జరిగినా పట్టించుకోదు.

సుత్తి_దెబ్బ
అలాగైతే పైన నాచ్ పెట్టమన్నారెందుకు? బరువు మారితే నాచ్ తప్పిపోతుంది కదా.

లూప్_క్లోజ్డ్
తొందరపడి రాశాను. బరువు మారని స్టేజీకి నాచ్ సరిపోతుంది, మిగతా చోట్ల పనికిరాదు. నా మొదటి పోస్టులో ఆ వాక్యాన్ని లెక్కలోకి తీసుకోకండి.

పీజో_ప్రయాణం
ఫలితాలు వచ్చాయి. చేతులు వణుకుతూ టైప్ చేస్తున్నాను.

గ్రాఫ్‌లో రెండు శిఖరాలున్నాయి. మొదటిది 140. వైర్లు కలిపినా, విడదీసినా 140 దగ్గరే. ఒక్క హెర్ట్జ్ జరగలేదు. రెండోది వైర్లు కలిపితే 296, విడదీస్తే 318. అడాప్టర్ ప్లేట్ మీద సెన్సర్ పెడితే 140 స్టేజీ పైన కనిపించినంత గట్టిగానే కనిపించింది. అంటే నా స్టేజీ ఊగడం లేదు, దాన్ని మోస్తున్న ప్లేటే మొత్తాన్ని ఎత్తి ఊపుతోంది. మూడు నెలలు కంట్రోలర్‌ను తిట్టాను.

సుత్తి_దెబ్బ
అదీ సంగతి!! ప్లేట్ ఎంత మందం? ఎన్ని బోల్టులు?

పీజో_ప్రయాణం
8 మిల్లీమీటర్ల అల్యూమినియం, నాలుగు మూలల్లో నాలుగు బోల్టులు. స్టేజీ సరిగ్గా మధ్యలో కూర్చుంది. ఇప్పుడు చూస్తుంటే అది ప్లేట్‌లా కాదు, డ్రమ్ములా ఉంది.

పాతకాపు
మంచి పని చేశారు. ఆ 296, 318 పారేయకండి, అవి బంగారం. రెండిటి వర్గాల తేడాను 296 వర్గంతో భాగించండి. 0.154 వస్తుంది. మీ మోడ్‌లోని శక్తి ఎంత మేరకు విద్యుత్తుగా మారగలదో చెప్పే అంకె అది. స్టాక్‌కు సరైన రెసిస్టర్ తగిలిస్తే దొరికే గరిష్ఠ డ్యాంపింగ్ సుమారుగా అందులో నాలుగో వంతు, అంటే దాదాపు 4 శాతం. ఇప్పుడు మీకున్నది లోహపు ఫ్లెక్చర్ల సొంత డ్యాంపింగ్, అది 1 శాతం కూడా ఉండకపోవచ్చు.

నా మూడో పని ఇదే. పీజోకు రెసిస్టర్ గానీ, ఇండక్టర్‌తో కలిపి గానీ తగిలించి కంపనాన్ని వేడిగా మార్చే లెక్కలు హ్యాగుడ్, ఫాన్ ఫ్లోటో 1991లో పద్ధతిగా రాశారు. ఆ పేపరు ఫొటోకాపీ నా దగ్గర అరిగిపోయేదాకా ఉంది. మా సమస్య ఒక సన్నని పలక, 30 హెర్ట్జ్ కంపనం, దానిమీద అంటించిన పీజో కెపాసిటెన్స్ 100 నానోఫారడ్లు. ట్యూన్ చేయడానికి ఎంత ఇండక్టర్ కావాలో లెక్కేస్తే 281 హెన్రీలు వచ్చింది. మిల్లీ కాదు, పూర్తి హెన్రీలు. అంత తీగ చుట్టాలంటే పలక కంటే కాయిలే బరువవుతుంది. ఆప్ ఆంప్ చిప్‌లతో కృత్రిమ ఇండక్టర్ కట్టాం. పలకను వేలితో మీటితే అంతకుముందు ఎంతోసేపు మోగేది, స్విచ్ వేసి మీటితే టక్కుమని ఆగిపోయింది. గదిలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తుంది.

నిశ్శబ్దం
నా పేరు పిలిచినట్టుంది 🙂

కొత్త_మర
రెసిస్టర్ స్టాక్‌కు తగిలిస్తే మరి స్టేజీని నడిపేదెలా? యాంప్లిఫయర్ కూడా దానికే కదా తగిలి ఉంది?

పాతకాపు
మంచి ప్రశ్న. వోల్టేజీ యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ చాలా తక్కువ, స్టాక్ దృష్టిలో అది షార్ట్ చేసిన వైరే. అందుకే రెసిస్టర్‌ను యాంప్లిఫయర్‌కూ స్టాక్‌కూ మధ్య వరసలో పెడితే చాలు, అదే షంట్‌గా పనిచేస్తుంది. పీజో_ప్రయాణం, మీ స్టాక్ కెపాసిటెన్స్ ఎంత?

పీజో_ప్రయాణం
దాదాపు 3 మైక్రోఫారడ్లు.

పాతకాపు
300 హెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటెన్స్ అడ్డు 177 ఓమ్‌లు. 180తో మొదలుపెట్టండి. దీనికి మూల్యం ఉంది, ఆ రెసిస్టర్, స్టాక్ కలిసి 300 దగ్గరే లోపాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) అవుతాయి. మీకు అంతకంటే వేగం అక్కర్లేకపోతే నష్టం లేదు. ఇంకోటి, క్వార్టర్ వాట్ రెసిస్టర్ పెట్టకండి. 200 హెర్ట్జ్ దగ్గర 100 వోల్టుల ఊపు ఇస్తే గరిష్ఠ కరెంటు 0.19 ఆంపియర్లు, అంటే రెసిస్టర్‌లో 3 వాట్లు. 10 వాట్లది పెట్టి లోహానికి బిగించండి.

లూప్_క్లోజ్డ్
4 శాతం కోసం బ్యాండ్‌విడ్త్ వదులుకోవడం నాకు నచ్చలేదు. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌తో అంతకంటే చాలా ఎక్కువ డ్యాంపింగ్ వస్తుంది.

పాతకాపు
వస్తుంది. దానికి ఒక సెన్సర్, ఒక ఛార్జ్ యాంప్లిఫయర్, ఒక ఇంటెగ్రేటర్ కావాలి. పైగా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో స్టిఫ్‌నెస్ తగ్గుతుంది, అది సరిచేసుకోవాలి. ముందు రెసిస్టర్ పెట్టి చూసి, చాలకపోతే మీ దారి. ఆ వరస మాత్రం తిప్పకండి.

క్వార్ట్జ్_లక్ష్మి
పాతకాపు గారు, మొదటి పేటెంట్ సంగతి సగంలో వదిలేశారు. దాని వల్ల మేలు జరిగిందా?

పాతకాపు
కొంత జరిగింది, కొంత చేజారింది. క్లెయిమ్‌లో (పేటెంట్ హక్కు ఎంతవరకో చెప్పే వాక్యం) "గోళాకార ఉక్కు మొన" అని రాసుకున్నాను. రెండేళ్ల తర్వాత ఇంకొకరు కోన్ ఆకారంలో చేసి అమ్మారు. పని అదే, ఆకారం వేరు, మా క్లెయిమ్ వాళ్లకు తగల్లేదు. "వంపును స్టాక్‌కు చేరనివ్వని కలయిక" అని పని మీద రాసుకోవాల్సింది. నేను డ్రాయింగ్‌లో ఉన్నది రాశాను.

క్వార్ట్జ్_లక్ష్మి
నాది ఇంకో రకం బాధ. చార్జ్ డ్రైవ్ (వోల్టేజీకి బదులు ఛార్జ్‌ను నియంత్రించి పీజోను నడపడం) మీద ఒక సర్క్యూట్ చేశాను, హిస్టెరిసిస్ బాగా తగ్గింది. సంతోషం పట్టలేక సెమినార్‌లో పోస్టర్ పెట్టాను. తర్వాత ఫైల్ చేద్దామంటే నా పోస్టరే నాకు అడ్డమైంది. ఫైల్ చేసేలోపు బయటపెడితే చాలా దేశాల్లో కొత్తదనం పోయినట్టే. ఆ సర్క్యూట్‌ను ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. వాడితే సంతోషమే, కానీ ఆ ఏడాది మాత్రం బాగా ఏడ్చాను.

వాయిస్_కాయిల్_వాసు
ఏడవాల్సిన విషయమే లక్ష్మి గారు. పీజో వాళ్ల దారం అనుకుని వచ్చాను గానీ, ఇది నాకూ పనికొచ్చింది.

పీజో_ప్రయాణం
పది రోజుల తర్వాత వస్తున్నాను. ప్లేట్‌ను 25 మిల్లీమీటర్ల ఉక్కుకు మార్చి, స్టేజీ పాదాల పక్కనే బోల్టులు వేశాను. 140 పోయింది, ప్లేట్ మోడ్ 500 దాటింది. 180 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాక 300 శిఖరం బాగా అణిగింది. గెయిన్ మునుపటికి మూడింతలు పెట్టినా ఈల లేదు. కంట్రోలర్‌లో ఒక్క లైను మార్చలేదు. మేనేజర్ గారు స్క్రీన్ చూసి "ఇంకో రెండు స్టేజీలకు కూడా ఇలాగే చేయండి" అన్నారు. సాఫ్ట్‌వేర్ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఉంటున్నాను.

ఇంకో విషయం. ఆ వైర్లు కలిపి, విడదీసి కొలిచే పరీక్షను సుత్తి లేకుండా యాంప్లిఫయరే తనంతట తాను చేసుకుంటే, బోల్టు వదులైనా, స్టాక్‌లో పగులొచ్చినా ముందే తెలుస్తుంది కదా అనిపించింది. రాత్రి ఒక సర్క్యూట్ గీశాను. స్విచింగ్ ఎలా చేశానంటే

క్వార్ట్జ్_లక్ష్మి
ఆగండి! అక్కడే ఆపండి. ఇది కూడా పోస్టరే.

పాతకాపు
లక్ష్మి గారి మాట వినండి. ముందు పాత పేటెంట్లన్నీ వెతకండి, పీజోతో తన స్థితిని తానే చూసుకునే పద్ధతులు చాలా ఉన్నాయి, వాటిలో మీది ఎక్కడ తేడాగా ఉందో చూడండి. తేడా కనిపిస్తే ఫైల్ చేయండి. క్లెయిమ్ రాసేటప్పుడు డ్రాయింగ్ పక్కన పెట్టి, అది చేసే పని రాయండి.

పీజో_ప్రయాణం
ఆపేశాను. వెతకడం ఈ రాత్రే మొదలుపెడుతున్నాను. ఫైల్ చేసిన రోజు మొదట ఈ దారంలోనే రాస్తాను.

సుత్తి_దెబ్బ
సుత్తి లేకుండానా? సరే, ఈ ఒక్కసారికి ఒప్పుకుంటున్నాను.